బయట వేసిన సొట్ట

"నా సాక్షి ఇదే," అంటూ ఇన్‌స్పెక్టర్ వసాలో అట్టపెట్టె మూత తీశాడు. "నోరు లేదు కాబట్టి అబద్ధం చెప్పదు. మీరొక సంతకం పెట్టేస్తే మేం మా దారిన పోతాం, నోరీన్ గారూ."

పెట్టెలో ఉన్నది మూరెడు పొడవున్న ఆకుపచ్చ బొమ్మ యూట్, అంటే పొలాల వాళ్ళు తిప్పే చిన్న ట్రక్కు. వెనక తొట్టి, తుప్పుపట్టిన తలుపులు, ముందు ఎడమ మూల లోపలికి నొక్కుకుపోయిన సొట్ట, దాని పక్కనే పగిలిన దీపం. దూరం నుంచి ఫోటో తీస్తే అసలు బండి అనుకుంటారు. రిమోట్‌తో నడిపే పందెం కారు అది.

నోరీన్ లిండెమన్ పెట్టెలోకి చూడలేదు. తన వేళ్ళవైపే చూసుకుంటోంది. అరవై దాటిన మనిషి. గోళ్ళ అంచుల్లో ఎప్పటి రంగులో ఇంకిపోయి ఉన్నాయి.

"సంతకం పెడతాను. టీ తాగుతారా?" అంది.

"టీ వద్దు," అన్నాడు వసాలో.

"నాకు కావాలి," అన్నాను నేను.

వసాలో నావైపు, తన కింది కానిస్టేబుల్ వైపు, విసుగ్గా చూశాడు. నాకు టీ అక్కర్లేదు. నోరీన్ చేతులు ఏదో ఒక పని చేస్తుంటే చూడాలని ఉంది. ఆమె కెటిల్ ఎత్తింది. నీళ్ళు కప్పులో సగం, బల్లమీద సగం పడ్డాయి. సన్నటి కుంచెతో గోరంత నంబర్ ప్లేటు మీద అంకెలు రాసే చేయి అది.

మేం ముగ్గురం ఆమె ఇంటి వెనకున్న రేకుల షెడ్డులో ఉన్నాం. రంగులు చిమ్మే చోటు కాబట్టి కిటికీ లేదు. గోడలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, సందులోకి తెరుచుకునే ఒకే ఒక తలుపు. ఆ సందు చివర ఆమె తమ్ముడు గార్త్ తన యూట్‌లో కూర్చుని ఉన్నాడు, అక్కను భోజనానికి తీసుకెళ్ళాలట. రేకు గోడ అవతల అతను దగ్గితే కూడా మాకు వినిపిస్తోంది. అంటే మా మాటలు అతనికీ వినిపిస్తాయి.

మంగళవారం సాయంత్రం సైలో రోడ్డులో, కల్వర్టు దగ్గర, ఊరూరా ఉత్తరాలు పంచే రోండా పర్సెల్ టైరు మార్చుకోవడానికి వ్యాను దిగింది. ఏదో బండి ఆమెను గుద్ది చంపి వెళ్ళిపోయింది. రోడ్డు మీద దొరికింది పగిలిన దీపం గాజు ఒక్కటే. అది గార్త్ లిండెమన్ ట్రాక్టర్ల యార్డులో ఉన్న ఆకుపచ్చ యూట్‌లకు సరిపోయే గాజు. అలాంటి యూట్‌లలో రెండింటికి ఎడమ దీపం పగిలి ఉంది. ఒకటి గార్త్‌ది. రెండోది ఆ యార్డులో పనిచేసే యోసెఫా లియోటా నడిపేది. ఆ సాయంత్రం ఆ రోడ్డున వచ్చానని యోసెఫా తనంతట తానే చెప్పాడు. దీపం ఎలా పగిలిందో తనకు తెలియదన్నాడు. అంతే, వసాలో అతన్ని లోపల వేశాడు.

ఈ రోజు సాయంత్రం వ్యాను వచ్చి అతన్ని నగరానికి తీసుకెళ్తుంది. అతని భార్య సీనా పొద్దుటి నుంచి మా స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉంది. నేనిచ్చిన టీ చల్లారేదాకా పట్టుకుని, ఒక్క గుక్క కూడా తాగకుండా తిరిగి నా చేతికే ఇచ్చింది. "ఆయన చెయ్యలేదు, మెరిన్," అని మాత్రం అంది. ఆ మాట ఎవరి భార్యయినా అంటుంది. కానీ గుద్ది పారిపోయినవాడు తనంతట తాను వచ్చి 'ఆ రోడ్డున వెళ్ళాను' అని ఎందుకు చెబుతాడు?

మరి గార్త్ సంగతి? అతని జవాబు ఈ అట్టపెట్టెలో ఉంది.

యారండూ మోడల్ కార్ల క్లబ్బులో ఒక ఆచారం ఉంది. మెరిసే కారు తెచ్చినవాణ్ణి మేం ఏడిపిస్తాం. ఎవరి సొంత బండిని వాళ్ళు చిన్నదిగా చేయించుకుని పరిగెత్తించాలి. అసలు బండికి తుప్పుంటే బొమ్మకీ తుప్పుండాలి, సొట్టుంటే సొట్టుండాలి, అన్నీ రంగుతో వేసినవే. ఈస్టర్ ఆదివారం పందేల సీజన్ మొదలయ్యే ముందు మైదానంలో అసలు బండ్లు నిలబెట్టి, వాటి బానెట్ల మీద బొమ్మలు పెడతాం. ఏది ఎక్కువ పోలి ఉంటే దానికి కప్పు. ఆ కప్పు ఎవరింటికి వెళ్ళినా నిజానికి అది నోరీన్‌దే, ఎందుకంటే సగం ఊరి కార్లకు రంగులు వేసేది ఆమే. మా నాన్న స్టేషన్ వ్యాగన్ బొమ్మకీ ఆమే వేసింది. దాన్ని నేను ప్రతి ఆదివారం నడిపి, ప్రతి ఆదివారం చివర వస్తాను.

గార్త్ చెప్పేది ఇది: ఈస్టర్ సోమవారం రాత్రి పొలానికి వెళ్తుంటే కంగారూ అడ్డం వచ్చింది, యూట్‌కి సొట్టపడింది. ఆ వారంలోనే అక్క ఆ సొట్టను బొమ్మ మీద దిద్దింది. యూట్ అప్పటి నుంచి పొలం దాటి బయటికి రాలేదు, అందుకే ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఈస్టర్ నుంచి ఉన్న సొట్ట ఆగస్టులో మనిషిని గుద్దితే పడ్డదెలా అవుతుంది?

వసాలోకి అది చాలు.

"ఈ సొట్ట ఎప్పుడు వేశారు, నోరీన్?" అని అడిగాను.

"ఈస్టర్ వారంలో." పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"చూసి వేశారా, అతను చెబితే వేశారా?"

ఆమె మొదటిసారి తలెత్తింది. "వినికిడి మీద నేను రంగు వెయ్యను, అమ్మాయ్. నీకు తెలియదా? మీ నాన్న బండి వెనక తలుపు తుప్పు చూడ్డానికి గంటసేపు మీ ఇంటి ముందు నేలమీద కూర్చున్నాను."

"గుర్తుంది. అయితే గార్త్ బండి కూడా చూసే వేశారు."

"చూసే. యార్డులో నిలబెట్టాడు. పొద్దున్నే. మట్టి ఇంకా తడిగా..."

ఆగిపోయింది. బయట గార్త్ దగ్గాడు.

"ఈ ఏడు ఈస్టర్‌కి వాన పడలేదు," అన్నాను. "మైదానంలో దుమ్ము లేచి పందేలు రెండుసార్లు ఆపాం."

"బండి కడుగుతారుగా. తడి అంటే అదేనేమో," అన్నాడు వసాలో. "కానిస్టేబుల్ టోల్‌హర్స్ట్, నీ వాతావరణ వార్తలు అయ్యాయా?"

"బండి కడిగితే మట్టి పోతుంది సార్, తడవదు."

"ఆమె సంతకం పెడతానంటోంది. నువ్వెందుకు ఆమెను పీడిస్తున్నావు?"

నాకు గట్టిగా మాట్లాడటం రాదు. ఎవరైనా గొంతు పెంచితే చేతిలో ఉన్న పని చూసుకుంటాను. చేతి తొడుగులు వేసుకుని బొమ్మ యూట్‌ని పెట్టెలోంచి తీశాను. చక్రాలూ మోటారూ ఉన్న కింది భాగం వేరు, పైన తొడిగే పల్చటి ప్లాస్టిక్ డొప్ప వేరు. నాలుగు పిన్నులు లాగితే డొప్ప ఊడివచ్చింది. తిరగేస్తే లోపలంతా నల్లగా ఉంది.

"ఇది గాజులా అవతలికి కనిపించే ప్లాస్టిక్ సార్," అన్నాను. "రంగు బయట వెయ్యరు. పందెంలో ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, టైర్ల గోడకి రాసుకుంటాయి, బయటి రంగు ఒక్క ఆదివారం కూడా నిలవదు. అందుకని లోపలి నుంచి వేస్తారు. అది కూడా తలకిందుల వరసలో. మామూలుగా ఆఖర్న దిద్దే దీపాలు ఇక్కడ మొదట దిద్దాలి. వాటి వెనక ఆకుపచ్చ, దాని వెనక ఈ నలుపు. నలుపు పడ్డాక లోపలి వైపు ఇంకేం చేసినా పైకి కనబడదు."

"నాకు బొమ్మల పాఠం అక్కర్లేదు."

"ఒక్క నిమిషం. దుమ్ము, బురద, తుప్పు మరకలు మాత్రం బయటే వేస్తారు. బండి తిరిగితే అంటుకునేవి కాబట్టి. అవి అరిగిపోతాయి. ఏటా మళ్ళీ వేస్తారు. మరి విరిగినవి, పగిలినవి ఎక్కడ వేస్తారు, నోరీన్?"

ఆమె పెదవులు కదిలాయి. "లోపల," అంది.

"ఎందుకు?"

"దుమ్ము కడిగితే పోవాలి. పగిలిన దీపం కడిగితే బాగైపోదు కదా."

వెనక వైపు చూపించాను. గార్త్ యూట్‌కి కుడివైపు తోక దీపం మూడేళ్ళుగా పగిలే ఉంది, అది ఊరందరికీ తెలుసు. బొమ్మలోనూ ఉంది. "దీని మీద మీ గోటితో గీయండి సార్."

"ఏమిటీ?"

"మెల్లగా. తొడుగు వేసుకుని."

వసాలో నవ్వి, అయినా గీశాడు. గోరు జారిపోయింది. పగులు కంటికి కనిపిస్తోంది కానీ వేలికి నున్నటి ప్లాస్టిక్ తప్ప ఏమీ తగలదు. పగులు అడుగున ఉంది.

"ఇప్పుడు ముందు దీపం. మరీ మెల్లగా."

గోరు తట్టుకుంది. మళ్ళీ గీశాడు. మళ్ళీ తట్టుకుంది. పగిలిన దీపం ప్లాస్టిక్ పైన ఉంది.

అతని ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. కొంచెమే.

నేను టార్చి వెలిగించి, వెలుతురు పక్కవాటుగా పడేలా బల్లకు ఆనించి పట్టుకున్నాను. కుడి మూల మీద సన్నటి గీతలు లెక్కలేనన్ని మెరిశాయి. అవి ఈ సీజనంతా పందేల్లో పడ్డ గీతలు. అక్కడ నోరీన్ వేసిన దుమ్ము అరిగిపోయి ఆకుపచ్చ బయటపడింది. ఎడమ మూలకి టార్చి జరిపాను. మా మైదానంలో మూడో మలుపు దగ్గర అందరి కార్లూ టైర్ల గోడకి కొట్టుకునేది ఎడమ మూలతోనే. మిగతా అన్నిచోట్ల కన్నా అక్కడే ఎక్కువ అరగాలి. కానీ అక్కడ దుమ్ము నిండుగా, నిన్న వేసినట్టు ఉంది. దాని కింద, పూడిపోయిన కాలవల్లా, పాత గీతలు కనిపిస్తున్నాయి.

"గీతల మీద సొట్ట వేశారు," అన్నాను. "సొట్ట మీద గీతలు లేవు. సీజన్ మొదట్లో వేసింది కాదిది. సీజనంతా పరిగెత్తాక వేసింది."

"లేదా అరిగిపోతే మళ్ళీ దిద్దింది. ఏటా మళ్ళీ వేస్తారని నువ్వే అన్నావు."

అది మంచి ప్రశ్నే. "దిద్దితే ఒక్క ఎడమ మూలే ఎందుకు దిద్దుతారు? కుడి మూల చూడండి, ఎలా ఉందో."

"సరే, నేనొకటి అడుగుతాను." వసాలో బల్ల చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చాడు. "నువ్వూ ఈ బొమ్మల ఆటలో ఉన్నావుగా. ప్రతి ఆదివారం ఈ కారు నీ కళ్ళ ముందే తిరిగింది. పోయిన ఆదివారం దీనికి సొట్ట ఉందా లేదా? కోర్టులో ప్రమాణం చేసి చెప్పగలవా?"

మా దగ్గర ఒక పందెంలో నడిపినవాళ్ళు తర్వాతి పందేనికి మలుపుల దగ్గర నిలబడి, బోల్తాపడ్డ కార్లను నిలబెట్టాలి. పోయిన ఆదివారం గార్త్ కారుని నేనే రెండుసార్లు నిలబెట్టాను. దీపం బాగానే ఉందని నా చేయి అంటోంది. కానీ బోల్తాపడ్డ కారుని నిలబెట్టేవాళ్ళు దీపాలు చూడరు, వెనకనుంచి ఇంకో కారు వచ్చి కాలికి తగలకుండా చూసుకుంటారు.

"చెప్పలేను," అన్నాను.

"చెప్పలేవు!" చేతులు చరిచాడు. "విన్నారా నోరీన్ గారూ? కళ్ళతో చూసింది చెప్పలేదట, గోటితో గీకింది చెబుతుందట. టోల్‌హర్స్ట్, ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను జడ్జి ముందు రక్తం పెట్టాను, తూటా పెట్టాను. బొమ్మ కారు మీద గోరు పెట్టమంటావా?"

"ల్యాబ్‌కి పంపండి. వ్యాను ఒక్కరోజు ఆపండి."

"ఆపను. నా దగ్గర మనిషి ఉన్నాడు, బండి ఉంది, గాజు ఉంది. ఆ మనిషి ఆ రోడ్డున వెళ్ళానని తానే ఒప్పుకున్నాడు. లిండెమన్ యూట్‌ని గురువారం నేనే వెళ్ళి చూశాను. రక్తం లేదు, వెంట్రుక లేదు. అద్దంలా ఉంది."

"పొలం యూట్ అద్దంలా ఉందా?"

అతను మళ్ళీ బొమ్మ తలుపుల తుప్పు వైపు చూశాడు.

"సార్, ఈ బొమ్మ మీద ఇంత తుప్పూ బురదా ఉంది. ఈ క్లబ్బులో గార్త్ గొప్పగా చెప్పుకునేది ఒకటే, ఆ యూట్‌ని కొన్న నాటి నుంచి ఒక్కసారీ కడగలేదని. ఈ వారమే ఎందుకు కడిగాడు?"

బయట దగ్గు వినిపించలేదు. చాలాసేపటి నుంచి వినిపించడం లేదని నాకప్పుడు తట్టింది.

నేను నోరీన్ వైపు తిరిగాను. ఆమె నన్ను చూడటం లేదు. నా చేతుల్లోని డొప్పను చూస్తోంది. ఎడమ మూలని కాదు, ఎడమ పక్కని. నేను చూడాల్సింది ఇంకా చూడలేదన్నట్టు.

డొప్పను పక్కకు తిప్పాను. ఎడమ తలుపు కింద కాలు పెట్టి ఎక్కే మెట్టు ఉంది. దాని మీద మరక. బియ్యపుగింజంత. మిగతా బండి అంతా ఎర్రదుమ్ము. ఈ మరక మాత్రం బూడిదరంగు, పొడిదుమ్ములా కాకుండా తడిమట్టి రాసుకున్నట్టు ముద్దగా ఉంది.

నోరీన్ రంగు డబ్బాలతో బురద వెయ్యదు. ఎక్కడి బురద కావాలంటే అక్కడికే వెళ్ళి తెచ్చి, ఎండబెట్టి, పాత మేజోడులో వడకట్టి వాడుతుంది. ఆమె తల వెనక అరలో ఆ జాడీలన్నీ వరసగా ఉన్నాయి. సైలో రోడ్డు ఎరుపు. క్వారీ పసుపు. ఉప్పుచెరువు తెలుపు. చివర చిన్న జామ్ సీసా, అడుగున రెండు చెంచాల బూడిదరంగు పొడి.

దాన్ని దించి, మూత తీసి, నా కుడి బూటు పక్కన నేలమీద పెట్టాను. మంగళవారం రాత్రి రోండా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు అంటిన మట్టి ఆ బూటు కుట్ల మధ్య ఇంకా ఉంది. నాకు దాన్ని కడగాలనిపించలేదు.

రెండూ ఒకటే రంగు.

వసాలో వంగి చూశాడు.

"మన ఊళ్ళో బూడిదరంగు మట్టి లేదు సార్. జులైలో కల్వర్టు కోసుకుపోతే, కౌన్సిల్ లారీలు ఎక్కడి నుంచో బంకమట్టి తెచ్చి అక్కడ పోశాయి. ఒక్క అక్కడే ఉంది. ఈస్టర్ నాటికి మన ఊళ్ళో ఆ మట్టే లేదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నోరీన్, ఇది ఎక్కడ తీశారు?"

ఆమె వంగి ఆ సీసాకి మూత పెట్టింది.

"ఇది ఎడమ మెట్టు. స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. నడిపేవాడు ఈ మెట్టు ఎక్కడు."

ఆమె మెల్లగా తన కాళ్ళవైపు చూసుకుంది. ఇంట్లో వేసుకునే చెప్పులు. తలుపు పక్కన ఆమె బూట్లు ఎప్పుడూ ఉండే చోట ఖాళీగా ఉంది.

"బూట్లు వాడు కాల్చేశాడు," అంది. "మట్టి నేను ముందే తీసి పెట్టుకున్నాను."

"నోరీన్ గారూ, ఇక మీరేం చెప్పినా..." వసాలో మొదలుపెట్టాడు.

"చెప్పనివ్వండి," అన్నాను. నిజంగానే ఆగాడు.

"బుధవారం పొద్దున యార్డుకి పిలిచాడు. ఈ సొట్ట నా చిన్న బండి మీద వెయ్యి, ఈస్టర్‌కి వేశానని చెప్పు అన్నాడు. చెబుతానన్నాను. నోటితో వాడేం చెప్పమన్నా చెబుతాను, అమ్మాయ్. చిన్నప్పటి నుంచీ అంతే. వాడికి కోపం వస్తే ఎలా ఉంటుందో మా అమ్మకి తెలుసు, నాకు తెలుసు." ఆమె తన రెండు చేతులూ బల్లమీద పరిచింది. "ఎలా వెయ్యమంటావు అని అడిగాను. ఉన్నది ఉన్నట్టు వెయ్యి అన్నాడు. వేశాను. సొట్ట ఒక్కటే చూసి, బాగుందన్నాడు. మిగతాది చూడలేదు. వాడెప్పుడూ చూడడు, అంతా దుమ్మే అనుకుంటాడు. ఆ తర్వాత బండి కడిగాడు."

అసలు బండి మీద కడిగేసినదంతా ఇక్కడ, మూరెడు ప్లాస్టిక్ మీద ఉంది.

"దీపాన్ని బయట వేసింది కావాలనేనా?"

"లోపల వెయ్యాలంటే కొత్త డొప్ప కావాలి. వాడు గంటలో ఇమ్మన్నాడు." తర్వాత అంది, "కొత్త డొప్ప నా పెట్టెలో ఉంది. ఉందని చెప్పలేదు."

"యోసెఫా దీపం ఎవరు పగలగొట్టారు?" ఆ ప్రశ్న వేసింది వసాలో. గొంతు తగ్గింది.

"నేను చూడలేదు. చూడనిది చెప్పను."

ఆమె చూపు మళ్ళీ డొప్ప మీదికి వెళ్ళింది. ఇంకా ఉంది అంటోంది ఆ చూపు. నాకు ఎందుకో ఆ డొప్పను అక్కడ పెట్టేసి బయటికి పోవాలనిపించింది. అయినా వెనకవైపు తిప్పాను. తోక దీపం. నంబర్ ప్లేటు. వెనక బంపర్. బంపర్ కింద, ట్రెయిలర్ తగిలించే కొక్కెం పక్కన, ఎవరూ చూడని చోట, నారింజ రంగు గీత ఒకటి. చీమంత.

రోండా ఆ సాయంత్రం చొక్కా మీద నారింజ రంగు కోటు వేసుకుని ఉంది, రోడ్డు మీద దూరం నుంచి కనబడేది. దాన్ని సంచీలో పెట్టి సీలు వేసింది నేనే.

ముందు కాదు. వెనక.

"రోండా మీతో మాట్లాడిందా?" అని అడిగాను.

"వాడు చూసుకోలేదు. మొదట గుద్దింది మాత్రం పొరపాటునే జరిగింది, అది చెప్పాలి," అంది నోరీన్. "కొంచెం ముందుకి పోయి ఆపాడు. నేను దిగి పరిగెత్తాను. కాలు విరిగిందనుకుంటా. లేవలేకపోతోంది. 'నోరీన్, నువ్వా? నీళ్ళున్నాయా?' అంది. నీళ్ళ సీసా కోసం బండి దగ్గరికి వచ్చి ఎక్కాను. మెట్టు మీద మట్టి అప్పుడంటిందే. వాడు అడిగాడు, నిన్ను గుర్తుపట్టిందా అని."

కెటిల్ ఎప్పుడో చల్లారింది. ఆమె దాని పిడి పట్టుకుని వదిలేసింది.

"పట్టింది అన్నాను. ఆ మాట అన్నది నేనే. తలుపు వెయ్యి అన్నాడు. హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యడానికి సిగ్నల్ ఉన్న చోటికి పోతాడనుకున్నాను. ముందుకి పోతాడనుకున్నాను."

వసాలో కుర్చీ కోసం వెతికి, దొరక్క, గోడకి ఆనుకున్నాడు. "వ్యాను ఆపండి," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. రేకుల షెడ్డులో దానికి సిగ్నల్ లేదు.

అప్పుడే బయట ఇంజిన్ మొదలైంది.

"పారిపోతున్నాడు!" వసాలో తలుపు వైపు దూకాడు.

"ఆగండి," అంది నోరీన్. "వినండి."

పారిపోయే బండి చప్పుడు దూరమవ్వాలి. ఇది సన్నగా కూతపెడుతూ పెరుగుతోంది. వెనక్కి వచ్చే గేరు చప్పుడు. వసాలో తలుపుని భుజంతో నెట్టాడు. అది జానెడు తెరుచుకుని, దేనికో తగిలి, తిరిగి అతని మీదికే వచ్చింది. అతను పడిపోయాడు. నేను నోరీన్‌ని పట్టుకుని బల్ల అవతలికి లాగాను. ఆమె బరువు లేదు. రాలేదు కూడా. డొప్పను నా చేతిలోంచి తీసుకుని రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుంది, నలిగిపోకుండా.

తలుపు కింది సందులోంచి నేలమీద పడుతున్న ఎండ పల్చబడి, పల్చబడి, ఆరిపోయింది. రేకు లోపలికి వంగడం మొదలైంది.

"మంగళవారం కూడా ఇంతే," అంది నోరీన్. "మెల్లగానే వచ్చాడు."